చనిపోయినవాడి లాగిన్

ఆఫీసులో ఆవిడ పేరు భూతద్దం. ఎదురుపడితే మేడం అనేవాళ్లు, అటు తిరగ్గానే భూతద్దం అనేవాళ్లు. ఆవిడకీ తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త మురిపెం కూడాను. గడియారాలు బాగుచేసే మొగుడు సైతం నీ కళ్లు నాకిచ్చి నా అద్దం నువ్వు తీసుకో అని ఏడిపించేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేసిన పని ఒకటే. నేరం జరిగిన చోట దొరికిన కంప్యూటర్లూ ఫోన్లూ తెచ్చి, లోపలున్నది పిసరంత కూడా చెదరకుండా కాపీ తీసి, ఆ కాపీలో వెతికి, దొరికింది కాగితం మీద పెట్టి సంతకం చెయ్యడం. అసలు యంత్రాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకోక తప్పకపోతే ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ ముట్టుకున్నారో రాసి తీరాలి. కొత్తగా చేరినవాళ్లకి ఈ ముక్క నూరిపోసేది ఆవిడే. అలాంటి మనిషికే ఇలా జరగాలా అని నన్నడగకండి. ఆ పని చేసేవాళ్లకే జరుగుతుంది, చెయ్యనివాళ్లకెందుకు జరుగుతుంది?

సంగతేమిటంటే, ఊరి చివర రసాయనాల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని మురుగునీళ్లు శుభ్రంచేసే ప్లాంటులో, ఇనప మెట్లెక్కి వెళితే ఒక గది, ఆ గదిలో ఒక కంప్యూటరు. గొట్టాల్లో బిగించిన మీటర్లు పావుగంటకోసారి నీళ్లలో విషం ఎంతుందో కొలిచి అందులో అంకె వేస్తాయి. ఆ అంకెలే ప్రభుత్వానికి వెళతాయి. ఏడాదిపాటు ఆ అంకెలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆ నీళ్లు కలిసే కాలవకి దిగువన, ఆ కాలవ నీళ్లే కుళాయికొచ్చే వీధిలో పిల్లలకి మాత్రం ఒంటినిండా పుళ్లు, ఆగని వాంతులు. ఏడుగురు ఆస్పత్రిపాలయ్యారు. ఆరుగురు తిరిగొచ్చారు. ఒక పిల్ల రాలేదు.

వీధి భగ్గుమంది. రేపు తనిఖీ అని కబురొచ్చింది. ఆ మర్నాడు పొద్దున చూస్తే ఏముంది, ప్లాంటులో రాత్రి డ్యూటీ చేసే ఆపరేటరు మురుగు తొట్టిలో తేలి ఉన్నాడు. రాత్రి రెండింటికి పోయుంటాడని డాక్టరు చెప్పాడు.

ఫ్యాక్టరీవాళ్లు ఒక పక్క అయ్యో పాపం అంటూనే రెండో పక్క పని కానిచ్చేశారు. అంతా ఆ ఆపరేటరే చేశాడన్నారు. ఒళ్లు బద్ధకించి మురుగుని కాలవలోకి వదిలేసి, మీటరు అంకెలు చెరిపి మంచివి వేసేవాడట. తనిఖీ అనేసరికి భయపడి, మురుగు వదిలే గేటు బిగించడానికి పోయి కాలు జారి పడ్డాడట. సాక్ష్యం కూడా చూపించారు. ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా ఉంటుంది, దాన్ని లాగ్ అంటారు. అంకెలు మారిన ప్రతిచోటా అందులో ఆపరేటరు పేరే ఉంది. చచ్చినవాడు వచ్చి కాదంటాడా? మహా తేలిక.

ఇంకో ఘోరం ఏమిటంటే ఆపరేటరు ఇల్లు కూడా ఆ దిగువ వీధిలోనే. అతని పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి అక్కడే ఉంటారు, అదే కుళాయి నీళ్లు తాగారు. అయినా వీధి వాళ్లని వెలేసినంత పని చేసింది. అతని పెళ్లాం కుళాయి దగ్గరికొస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకుని పక్కకి పోయేవాళ్లు. ఆమె కొడుకుని బడిలో, మీ నాన్నే కదా చంపింది అన్నారట. ఆ మాట వినే ఆ పిల్లాడు బడి మానేశాడు.

తనిఖీవాళ్లతో పాటు భూతద్దం ఆ గదిలో అడుగుపెట్టింది పొద్దున పది ఇరవైకి. గది అగ్గిపెట్టంత. కుర్చీకి పాత తువ్వాలు చుట్టి ఉంది, నడుంనొప్పి మనిషి కాబోలు. కీబోర్డు పక్కన మడవని కళ్లజోడు. మూతపెట్టిన గ్లాసులో మంచినీళ్లు. తెర వెలుగుతోంది, పైన మూలన ఆపరేటరు పేరుంది. అతను లాగిన్ అయినవాడు అయినట్టే పోయాడు. ఏడింటి నించీ గుమ్మంలో కాపలా ఉన్న పోలీసు, ఒక్క పురుగు కూడా లోపలికి రాలేదని చెప్పాడు. ఆవిడ చేతి గడియారం చూసింది, తెర మీద గడియారం చూసింది. యంత్రం ఏడు నిమిషాలు వెనక ఉంది. ఆ సంగతి నోట్సులో మూడో పేజీలో రాసుకుంది. తనిఖీవాళ్లూ, కేసు చూస్తున్న పోలీసు ఇన్‌స్పెక్టరూ కింద తొట్టి దగ్గరికి దిగారు, కాపలా పోలీసు గుమ్మంలో అటు తిరిగి ఉన్నాడు. ఫొటో తీసే మనిషి బరువైన పెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతున్నాడు. గదిలో ఆవిడా, ఆ యంత్రమూ.

అప్పుడు తెర మధ్యలో ఒక డబ్బా వచ్చింది. ఏదో రాసుంది, కింద రెండు చిన్న గళ్లు. మనకీ రోజుకి పది వస్తాయి కదండీ అలాంటివి, చదువుతామా? వెనకున్నది కనబడటం లేదని విసుక్కుని తోసేస్తాం. ఆవిడ వేలూ అదే చేసింది. చేతికి తొడుగుంది, బుర్రలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది, ఏదీ అడ్డుపడలేదు. ఎంటర్ మీట నొక్కింది, డబ్బా పోయింది. అప్పుడు టైము పది ఇరవై నాలుగు.

నొక్కిన మరుక్షణం చెయ్యి వెనక్కి లాక్కుంది. ఈలోగా ఫొటో మనిషి రొప్పుతూ లోపలికొచ్చాడు, పనిలో పడ్డారు, యంత్రాన్ని ఆపి, సీలు వేసి, సంచిలో పెట్టారు. సాయంత్రం ఆఫీసులో నోట్సు సాఫుగా రాస్తున్నప్పుడు పది ఇరవై నాలుగు రాయాల్సిన గీత దగ్గర కలం ఆగింది. అడ్డొచ్చిన డబ్బా తీసేశాను, దీనికి కూడా ఒక గీతా అనుకుంది. ఆ గీత చూస్తే తను పాఠం చెప్పిన పిల్లలంతా ముసిముసిగా నవ్వుకుంటారు కదా అని కూడా అనుకుంది. ఉన్నమాట చెప్పుకోవాలి, రెండోదే అసలు కారణం. కలం ఆ గీతని దాటేసి కింది గీతకి పోయింది.

తర్వాత నాలుగు నెలలు ఆవిడ ఆ ఆపరేటరుతో కాపురం చేసినంత పని చేసింది. తప్పుగా అనుకోకండి, ఆ పని అలాంటిది. యంత్రం కాపీని తెరవాలంటే గడియారాన్ని వెనక్కి తిప్పి ఆనాటి టైముకే పెట్టాలి, అదీ పద్ధతి. తెరిచిన ప్రతిసారీ అదే తేదీ, అదే పొద్దు. స్వాగతం అని, కింద అతని పేరు. బయట వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది, ఆవిడ జుట్టు కాస్త తెల్లబడింది. ఆ తెర మీద మాత్రం ఎప్పుడూ ఆ మనిషి పోయిన పొద్దుటే.

అతని సామానంతా అందులోనే ఉంది. నడుంనొప్పికి వ్యాయామాల బొమ్మలు దాచుకున్నాడు. కూతురి చెప్పుల కొలత రాసుకున్నాడు, ఎడమ పాదం కాస్త పెద్దదని పక్కన రాసుకున్నాడు. చివరి నెలలో ఒకే ప్రశ్న నలభైసార్లు వెతికాడు. పిల్లల ఒంటి మీద పుళ్లు ఎందుకొస్తాయి? రాత్రి డ్యూటీలో కూర్చుని అదే వెతుకుడు. అది చూసినప్పుడు ఆవిడకి కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్‌స్పెక్టరు మాత్రం పెదవి విరిచాడు. తప్పు చేసినవాడూ అదే వెతుకుతాడు, చెయ్యనివాడూ అదే వెతుకుతాడు, దీంతో ఏం తేలుతుందన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ వీధికి వెళ్లి ఆ పిల్ల ఫొటో చూసొచ్చినవాడు. ఎలాగైనా ఫ్యాక్టరీని పట్టుకోవాలని పళ్లు బిగించి తిరుగుతున్నవాడు.

సోమవారం సోమవారం ఆపరేటరు భార్య వచ్చేది. బట్టల కార్ఖానాలో గుండీలు కుట్టే పని ఆవిడది, సోమవారం సెలవు. లోపలికి రానివ్వరు కాబట్టి ఆఫీసు గేటు పక్క బెంచీ మీద కూర్చునేది. భూతద్దం బయటికొస్తే లేచి నిలబడి, మా ఆయన సంగతి ఏమైనా తేలిందా మేడం అని అడిగేది. చెప్పకూడదమ్మా అనేది ఈవిడ. సరేనని తలూపి వెళ్లిపోయేది. ఏడిస్తే ఓదార్చవచ్చు, తిడితే పడవచ్చు. అలా తలూపి వెళ్లిపోయే మనిషిని ఏం చెయ్యగలం?

ఇక అసలు గొడవకొద్దాం. ఒకరోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు లాగ్ కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ ఉలిక్కిపడ్డట్టు లేచాడు. వేలు ఒక వరుస మీద పెట్టి చూపించాడు. తేదీ ఆ పొద్దుటిదే. టైము పది పదిహేడు. ఆపరేటరు పేరు మీద ఎంటర్.

"చచ్చిపోయి ఎనిమిది గంటలైంది మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు గదిలోకొచ్చింది పది ఇరవైకి. అంతకు మూడు నిమిషాల ముందు, ఖాళీ గదిలో, ఎవరు నొక్కారు? ఎవడో బయటి నించి అతని పేరుతో దూరాడు. ఆ రోజు దూరినవాడు ఏడాదంతా దూరి ఉండడా?"

ఆవిడ మనసులోనే కూడుకుంది. యంత్రం ఏడు నిమిషాలు వెనకుంది. పది పదిహేడుకి ఏడు కలిపితే పది ఇరవై నాలుగు. ఆ గదిలో నొక్కింది ఏ దయ్యమూ కాదు, తనే. ఒకటో తరగతి కూడిక, పైగా తను రాసిన మూడో పేజీలోనే ఉంది. అయ్యా, అది నేనండీ అని ఆ నిమిషాన అనేస్తే సరిపోయేది. ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీసి ఎవరికో శుభవార్త చెబుతున్నాడు. అంత సంతోషంగా అతన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజుకి కూడా రాలేదు. రిపోర్టులో పది పదిహేడు అనే ఉంది, ఏడు నిమిషాల ఊసే లేదు.

ఆ తర్వాత సోమవారం ఆపరేటరు భార్య ఏమీ అడగలేదు. ఇన్‌స్పెక్టరు చెప్పేసినట్టున్నాడు. ఎదురొచ్చి భూతద్దం రెండు చేతులూ పట్టుకుంది. ఆ వేళ్ల కొనలన్నీ సూది గుచ్చుకున్న మచ్చలే. చేతులు గట్టిగా నొక్కి వదిలింది.

అప్పటి నించి ఆవిడని ఆ చనిపోయిన మనిషి పట్టుకున్నాడు. దయ్యాలూ భూతాలూ నమ్మే మనిషి కాదు ఆవిడ, నేనూ నమ్మమనడం లేదు. కానీ కాపీ తెరిచి స్వాగతం కింద ఆ పేరు చూడగానే వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు వీపు చల్లబడేది. తిరిగి చూస్తే బీరువా. మళ్లీ తెర వైపు తిరగ్గానే మళ్లీ నిలబడేవాడు. ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే, పక్కన మూతపెట్టిన గ్లాసు కనబడితే చెయ్యి ఆగిపోయేది. ఒకసారి తెలియకుండానే అతని వ్యాయామం చేస్తూ దొరికిపోయింది. కుర్చీలో కూర్చుని నడుం అటూ ఇటూ తిప్పుతోంది. నీకెప్పటి నించి ఈ నొప్పి అని మొగుడు అడిగాడు. నాకు నొప్పి లేదు అంది. అని, తనే బెదిరిపోయింది. ఆ పోయినవాడు ఏమీ అనేవాడు కాదు, అదే పెద్ద బాధ. అబద్ధం చెప్పి నా పేరు నిలబెడుతున్నావా తల్లీ అని ఒక్కసారి అడిగినా, తిరిగి ఏదో ఒకటి అనేది. అతను ఊరికే నిలబడేవాడు.

పదిహేను రోజులకి ఇన్‌స్పెక్టరు ఒకణ్ని లోపలేశాడు. పది నించి పది ఇరవై మధ్య బయటి నించి ఇంటర్నెట్ లైను మీద ఆ యంత్రానికి ఎవరెవరు తగులుకున్నారో టెలిఫోను కంపెనీ నించి తెప్పిస్తే ఒక్క పేరే వచ్చింది. ఫ్యాక్టరీలో వైర్లూ ప్రింటర్లూ చూసే నడివయసు మెకానిక్కు. పది పదిహేనుకి వచ్చి, పది పద్దెనిమిదికి వెళ్లిపోయాడు. ఇంట్లో కూర్చుని ప్రింటరు సరిచేశానని మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? చచ్చినవాడి పేరుతో మీట నొక్కాడని పేపర్లో ఫొటో కూడా వేశారు. చేతులు కట్టుకుని, మెడ వంచుకుని ఉన్నాడు.

భూతద్దం పేపరు చూసింది. ఇన్నాళ్లూ తన అబద్ధం ఒక చచ్చినవాడికి మేలు చేస్తోందని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు అది బతికున్నవాణ్ని మింగుతోంది. అసలు చెయ్యవలసింది పది ఇరవై నాలుగుకి ఎవరు తగులుకున్నారో చూడటం. పరుగున టెలిఫోను కంపెనీకి రాసింది. తొంభై రోజులు దాటిన రికార్డులు ఉంచము, అప్పట్లో మీరు అడిగిన ఇరవై నిమిషాల ముక్క తప్ప మిగతాది తుడిచేశాము అని జవాబు వచ్చింది.

అయినా ఏదో దొరక్కపోదా అని మళ్లీ కాపీ తెరిచి కూర్చుంది. రిపోర్టులో పెట్టని ఫైళ్లు ఒక్కొక్కటీ చూసింది. మూడో రోజు మధ్యాహ్నం దొరికింది, దొరక్కుండా ఉన్నా బాగుండేది. మీటర్ల అంకెల ఫైలు చివరిసారి మారిన టైము పది పదిహేడు. మారినవి ఆ రాత్రి అంకెలు. రెండింటి నించి ఆరింటి దాకా, ఆపరేటరు తొట్టిలో తేలుతున్న ఆ నాలుగు గంటలూ, ముత్యాల్లాంటి అంకెలు. అంటే పది ఇరవై నాలుగు దాకా వాటి చోట నిజమైన అంకెలు ఉన్నాయి. ఆ ఏడాది మొత్తంలో ఎవరూ చెరపకుండా మిగిలినవి అవే.

అప్పుడు గుర్తొచ్చింది ఆ డబ్బాలో ఏం రాసుందో. ఇన్నాళ్లూ గుర్తు లేదనే అనుకుంది, కాదు, గుర్తు రానివ్వలేదు. కన్ను చదివింది, వేలు ముందు పోయింది. "రాత్రి రెండు నుంచి ఆరు వరకు ఉన్న అంకెలు మార్చాలా?" కింద రెండు గళ్లు. మార్చు. వద్దు. ఎంటర్ కొడితే మొదటి గడే.

ఆ ప్రశ్న అడిగించినవాడు ఎవడో ఉన్నాడు. ఆపరేటరు కాదు, అతను అప్పటికి డాక్టరు బల్ల మీద ఉన్నాడు. అతని పేరు తొడుక్కుని ఎవడో బయటి నించి మార్చమన్నాడు, యంత్రం మార్చాలా అని అడిగింది, భూతద్దం మార్చు అంది. నిజం చెప్పాలంటే ఆపరేటరు నిర్దోషి అనడానికి ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ డబ్బా. దాన్ని చూసిన కళ్లు ఆవిడవే, చెరిపిన వేలూ ఆవిడదే. ఫొటో మనిషి మెట్లెక్కే దాకా, ఆ నిమిషమున్నర, చేతులు కట్టుకుని నిలబడితే చాలు. ఆవిడ బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. పక్కగదివాళ్లు విన్నా సిగ్గుపడలేదు.

ఇంటికెళ్లి మొగుడికి మొత్తం చెప్పింది. అతను విప్పిన గడియారాన్ని పక్కన పెట్టి విన్నాడు. ఏడు నిమిషాలే కదా అని మా షాపులో ఎవరూ అనరు అన్నాడు చివరికి, రైళ్లు గుద్దుకోవడానికి అందులో సగం చాలు. తిట్టలేదు, సమర్థించలేదు. పొద్దున నేను కూడా రానా అని అడిగాడు. వద్దంది.

ఇన్‌స్పెక్టరు విని, లేచి తలుపు వేసొచ్చాడు. తర్వాత బతిమాలాడు. ఆ మూడో పేజీ ఫ్యాక్టరీ లాయరు చదవలేదు, చదివినా కూడిక వెయ్యలేదు. మెకానిక్కుని రెండు నెలల తర్వాత ఎలాగో వదిలేద్దాం. ఇప్పుడు మీరు నోరు తెరిస్తే కేసు పుట్టి మునుగుతుంది, ఆపరేటరు పేరు మళ్లీ బురదలో పడుతుంది, ఆ పిల్లని చంపినవాళ్లు మీసం మెలేస్తూ నడిచిపోతారు అన్నాడు. ఒక్క మాట కూడా తప్పు కాదు. ఆవిడ తల దించుకుని విని, మెకానిక్కుకి పిల్లలెంతమంది అని అడిగింది. ఇన్‌స్పెక్టరు కాగితాలు మూసేశాడు. సరే, చెప్పండి, అదేదో మీరే చెప్పండి అని టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

కోర్టులో ఆవిడ అంతా చెప్పింది. మీట నొక్కింది తనేనంది. ఏడు నిమిషాలు కూడి చూపించింది. డబ్బాలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఫ్యాక్టరీ లాయరు ఆవిడని మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ఆపాల్సిన పనేముంది, తన పని ఆవిడే చేసిపెడుతోంటే. అంతా అయ్యాక లేచి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇంత ముఖ్యమైన డబ్బా చూశారు కదా మేడం. ఆ రోజు నోట్సులో ఎందుకు రాయలేదు?"

"పరువు పోతుందని."

"అప్పుడు పరువు కోసం దాచారు. ఇప్పుడు తప్పు కప్పుకోవడానికి ఒక డబ్బా పుట్టించలేదని ఏమిటి నమ్మకం?"

జడ్జి కుర్చీలో తనే కూర్చుంటే ఆవిడ మాట ఆవిడే నమ్మేది కాదు. రాయనిది జరగనట్టే అని ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషి.

తీర్పు నెల తర్వాత వచ్చింది. మెకానిక్కు విడుదల. అసలు యంత్రాన్ని పరీక్షకురాలే మార్చింది గనుక, లాగ్‌లో ఆ తర్వాతి వరుస ఏదీ చెల్లదు. డబ్బా సంగతి ఆలస్యంగా చెప్పిన కథ, దాన్ని లెక్కలోకి తీసుకోలేము. అంతకు ముందు ఏడాది అంకెలన్నీ ఆపరేటరు పేరు మీదే మారాయి, ఇంకొకరు మార్చినట్టు రుజువు లేదు. ఫ్యాక్టరీ మీద కేసు కొట్టేశారు. ఆవిడ ఉద్యోగం సంగతి వేరే చెప్పాలా?

తీర్పు చదివాక వసారాలోకి వచ్చేసరికి స్తంభం దగ్గర ఆపరేటరు భార్య నిలబడి ఉంది. చెయ్యి చేసుకుంటే బాగుండు అనుకుంది భూతద్దం, మనస్ఫూర్తిగా అనుకుంది. ఆమె చెయ్యి చేసుకోలేదు.

"ఆ డబ్బా నిజంగా వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"అప్పటికి మా ఆయన లేడు."

"లేడు. ఎనిమిది గంటలైంది."

"అయితే ఇంకెవరో."

"ఇంకెవరో. అది నాకు ఖాయంగా తెలుసు. నాకొక్కదానికే తెలుసు."

ఆమె చెంగు సర్దుకుంది. కోర్టుకి కాగితం కావాలి, మా వీధికి అక్కర్లేదు, మీరు నాతో రండి అంది. అడగడం కాదు, చెప్పడం. భూతద్దం వెంట నడిచింది. ఇద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. దిగాక కాలవ పక్కనే నడిచారు. నీళ్లు మామూలుగానే ఉన్నాయి, చూస్తే ఏమీ తెలియదు.

వీధి ఇరుకు. రెండు వైపులా ఒకదాన్నొకటి ఆనుకుని ఇళ్లు, గుమ్మాల్లో ఆరేసిన బట్టలు. మిట్టమధ్యాహ్నం. ఆపరేటరు భార్య కనబడగానే గుమ్మాల్లో ఉన్నవాళ్లు లోపలికి పోయారు. ఆమె అలవాటైనదానిలా ఎటూ చూడకుండా నడిచి, నీలం తలుపు ముందు ఆగింది. ఇది ఆ పిల్ల ఇల్లు అంది. ముందు ఇక్కడ చెప్పండి అంది.

తలుపు తీసింది ఆ పిల్ల తల్లి. బక్కపలచని మనిషి, చేతులకి సబ్బు నురగ. ఆపరేటరు భార్యని చూసి మొహం గట్టిపడింది, తలుపు వెయ్యబోయింది. భూతద్దం తేదీతో మొదలుపెట్టింది, కోర్టులో చెప్పినట్టు, ఫలానా తేదీన పది గంటల ఇరవై నాలుగు నిమిషాలకి అని. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. అలా చెప్పడానికి నోరు రాలేదు. మళ్లీ మొదలుపెట్టింది. అమ్మా, నీళ్ల అంకెలు మార్చింది వీళ్లాయన కాదు. ఆయన పోయాక కూడా ఎవరో మార్చబోయారు, నా కళ్లతో చూశాను. మార్చాలా అని యంత్రం అడిగితే, చూసుకోకుండా నేనే మీట నొక్కాను. అది ఆరోజే చెప్పుంటే వాళ్లు దొరికేవాళ్లు. నాకు చెడ్డపేరొస్తుందని చెప్పలేదు.

ఆ తల్లి చేతి మీద నురగ ఆరిపోతోంది.

"నీళ్లలో ఏం కలిసిందో ఆ అంకెల్లో ఉండేదా?" అని అడిగింది.

"ఉండేది."

"మా పిల్ల ఎందుకు పోయిందో అందులో ఉండేది."

"ఉండేదమ్మా."

"దాన్ని మీరు చెరిపేశారు."

"నేనే చెరిపాను."

ఆ తల్లి ఆవిడ మొహంలోకి సూటిగా చూసింది. ఇన్ని నెలలుగా ఆపరేటరు పెళ్లాం మీద పెట్టుకున్న చూపంతా అలాగే తెచ్చి ఈవిడ మీద పెట్టింది. తర్వాత ఈవిడ భుజం మీదుగా వెనక్కి చూసి, తలుపు కాస్త వెడల్పు చేసింది.

"లోపలికి రా వదినా," అంది.

ఆపరేటరు భార్య ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత భూతద్దాన్ని దాటుకుని గుమ్మమెక్కింది. లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు పడింది. లోపల ఇద్దరు ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడవడం వినబడింది.

భూతద్దం వీధిలో ఒక్కతే మిగిలింది. ఎదుటి కిటికీల్లోంచి మొహాలు తొంగిచూస్తున్నాయి. రెండు వైపులా కలిపి పాతిక ఇళ్ల దాకా ఉంటాయి. ఆవిడ నాలుగడుగులు వేసి పక్కింటి తలుపు తట్టింది.